అత్తగారు ఎంచిన బండి

మా అత్తగారు పోయారు. ఆ కబురు ఉదయగిరిలో మా పుట్టింటికి తెచ్చింది మా ఆయనే. అమ్మకు జ్వరం విడవకపోతే చూసుకుందామని నేను అక్కడికి వెళ్ళి ఉన్నాను. పొద్దు బాగా ఎక్కాక వీధి మొదట్లో మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. అది ఇంటి దాకా రాకుండా అక్కడే ఆగిపోయింది. తొంగి చూస్తే ఆయన బండిని తోసుకుంటూ నడిచి వస్తున్నారు. ఎప్పుడూ అలా రారు. చేతిలో గంజి గిన్నె ఉంటే కింద పెట్టేశాను. ఏదో జరిగింది, ఎవరికో జరిగింది అనుకున్నాను.

ఆయన నాతో ఏమీ అనలేదు. పెద్దవాళ్ళ ముందు మేమిద్దరం మాట్లాడుకోము. మంచం మీద ఉన్న మా అమ్మతో అన్నారు.

"అమ్మ లేదత్తా. పొద్దున కాఫీ తాగి అరుగు మీద కూసోనుండాది. పిలిస్తే పలకలా."

పదకొండో రోజు కూడా అయిపోయింది. నేను అయిదో తరగతి దాకా చదువుకున్నాను. ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను. అయినా ఆమె గురించి నాలుగు మాటలు రాసి పెట్టాలనిపించింది. మా బజారులో ఆమెను తలచుకునే వాళ్ళంతా ఒక నవ్వు నవ్వి, "రంగు చూసి మోటారు సైకిలు కొనిపించిన పెద్దమ్మ" అంటున్నారు. ఆమె రంగు చూడలేదు. ఏం చూశారో నాకు ఒక్కదానికే చెప్పారు.

ఆత్మకూరు బజారులో మాది పచారీ సరుకుల టోకు అంగడి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె గొంతు వింటేనే బెదిరిపోయేదాన్ని. వంటింట్లో నుంచి పిలిస్తే వీధి చివర కాఫీ హోటల్లో ఉన్న మా ఆయన లేచి వచ్చేవారు. ఆ గొంతుతో ఆమె నన్ను ఉప్పు అందివ్వమన్నా తిట్టినట్టే ఉండేది. నా మాట దానికి సరిగ్గా వ్యతిరేకం. పుట్టింట్లో కూడా నేను ఏదైనా అడిగితే "ఏందీ?" అని మళ్ళీ అడిగేవాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం పెద్ద ఉరుములు పట్టుకున్నాయి. నేను చింతపండు గింజలు తీస్తూ, పని వదిలేసి గోడకు ఆనుకుని చెవులు మూసుకున్నాను. ఆమె వచ్చి నా పక్కనే చతికిలబడి, ఆ చింతపండు తన ముందుకు లాక్కున్నారు.

"భయపడేదానివి భయపడమ్మే. పని మాత్రం ఆపబాక" అన్నారు.

చూస్తే ఉరుము ఉరిమినప్పుడల్లా ఆమె వేళ్ళు కూడా ఆగి, మళ్ళీ కదులుతున్నాయి. "మీకూ భయమేనా అత్తా?" అని అడిగాను. అడిగానంటే ఎలా అడిగానో నాకే తెలియదు.

"నాకు లేకుంటే నీకుండేది కనిపెడతానా" అన్నారు.

అప్పటి నుంచి ఆమె గొంతుకు బెదరడం కొంచెం తగ్గింది.

ఆమె భయానికి ఒక కారణం ఉంది. మా మామగారిని నేను చూడలేదు. మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడే, సరుకు బండితో వాగు దాటుతూ కొట్టుకుపోయారట. మనుషులు ఒక దారి వెంట వెతుకుతుంటే మామగారు ఆ రోజు ఇంకో దారిన వచ్చి ఉన్నారట. అందుకే మా ఇంట్లో ఎవరు గడప దాటినా ఆమె ఎప్పుడొస్తావని అడిగేవారు కాదు. "ఏ దారిన వస్తావు?" అని అడిగేవారు. మా ఆయన పక్క వీధికి పోతున్నా చెప్పి తీరాల్సిందే.

అలాంటి తల్లితో ఆయన ఒక సాయంత్రం భోజనం దగ్గర మోటారు సైకిలు మాట ఎత్తారు. ఉదయగిరి, సీతారామపురం వైపు చిల్లర అంగళ్ళకు తిరిగి సరుకు ఆర్డర్లు తెచ్చేది ఆయనే. బస్సు తప్పితే ఆ రోజుకు అంతే. సైకిలు మీద పోతే ఒంట్లో శక్తి ఉండదు.

"నీ కోడలినీ పుట్టింటికి దించి రావచ్చు గదమ్మా. వాళ్ళమ్మకి బాగుండ్లేదని ఊరికే ఏడస్తా ఉంటాది" అన్నారు.

వడ్డిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. అమ్మను చూడాలని నాకు ప్రాణం కొట్టుకుంటున్న మాట నిజమే. కానీ మోటారు సైకిలు అనగానే నా కళ్ళ ముందుకు వచ్చింది వేరే.

ఆ ఏడే అనంతసాగరం వైపు మా దూరపు చుట్టాలింట్లో ఒక కొత్త కోడలు పోయింది. మొగుడి వెనక మోటారు సైకిలు మీద వస్తుంటే పైట చెంగు చక్రంలో పడింది. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు చూశారట. ఆ పిల్ల ఒక చేత్తో చెంగు లాక్కుంటూ, ఇంకో చేత్తో నోరు అదిమి పట్టుకుని ఉందట. రోడ్డు మీద, పదిమంది చూస్తుండగా మొగుడిని ఎట్లా పిలవడం అనుకుందో ఏమో, నోరు విప్పలేదు. చెంగు మొత్తం చుట్టుకునేదాకా ముందున్న అతనికి ఏమీ తెలియలేదు. "ఒక్క మాటంటే ఆపేవాణ్ణి గదా, ఒక్క మాట" అని అతను శవం దగ్గర కూర్చుని అదే అంటుంటే మేం విన్నాం. నేనూ, అత్తగారూ ఆ చావుకు వెళ్ళాం. వస్తూ బస్సులో ఆమె నా వైపు చాలాసేపు చూశారు. నేను తల వంచుకున్నాను. ఆ పిల్ల చేసింది నాకు వింతగా తోచలేదు. నేనైనా అంతే చేసి ఉండేదాన్ని. ఆ సంగతి ఆమెకు తెలిసిపోయిందనే నాకు భయం వేసింది.

భోజనాల దగ్గర ఆమె వద్దని అంటారనుకున్నాను. దేవుడా, వద్దనిపించు అని మొక్కుకున్నాను. ఆమె మజ్జిగ పోసుకుని, "ఏ బండి?" అని మాత్రం అడిగారు.

బస్టాండు దగ్గర ఇంజన్లు బాగుచేసే సాయిబు మద్రాసు నుంచి రెండు బండ్లు తెప్పించాడు. పందేలకు పనికొచ్చే చిన్న బండ్లు అవి. వాటిలో ఒకటి మా ఆయన కొంటే రెండోది నెల్లూరుకు పంపిస్తాడు. ఒక పొద్దున రెండూ తెచ్చి మా అంగడి ముందు నిలబెట్టాడు. నేను తలుపు వెనక నుంచి చూశాను. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఆ రంగులే లేకపోతే ఏది ఏదో నేను చెప్పలేను. సన్నటి నడుము, పొడుగాటి పెట్రోలు తొట్టి, వెనక ఇద్దరికి సరిపోయే సీటు. రెండూ ఉరకడానికి వంగి ఉన్నట్టే ఉన్నాయి.

"రెండూ ఒక తల్లి పిల్లలే పెద్దమ్మా" అన్నాడు సాయిబు. "చక్రాలు అయ్యే, ఇంజను అంతే. ధరలో కూడా తేడా ల్యా. ఎర్రదానికి రవ్వంత ఉరుకుడు జాస్తి. పొగ గొట్టం పొట్టిది, అందుకని కూత కూడా జాస్తి."

ఎర్రదాన్ని కాలితో తన్ని లేపేసరికి పక్క అంగడి పావురాలు లేచిపోయాయి. మా ఆయన ముఖం చూడాలి. పెళ్ళిలో కూడా అంత వెలగలేదు.

"ఇదేనమ్మా. ఇంకోటి చూడబళ్ళా" అన్నారు.

"నువ్వు చూడబళ్ళా. నేను చూడాల" అన్నారు అత్తగారు. పైట నడుముకు దోపుకుని మెట్లు దిగారు. "నేను ఎనకాల కూసుంటా. బియ్యం మిల్లు దాకా పోయొద్దాం పద."

బజారంతా చుట్టూ చేరింది. బొట్టు లేని ముసలామె మోటారు సైకిలు ఎక్కడం వాళ్ళు ఎక్కడ చూశారు గనుక. కాఫీ హోటలాయన గరిటె చేత్తో పట్టుకునే వచ్చేశాడు.

"ఏం పెద్దమ్మా, కొడుకుని ఇంట్లో కూసోబెట్టి నువ్వే ఉదయగిరి గిరాకీకి పోతావా?"

"పోతాలేరా. నీ కాఫీ తాగి బతికినదాన్ని, బండెక్కితే చస్తానా?"

అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. సీటు తడిమి చూసి, "మా కోడలు ఎట్ట కూసుంటాదో అట్ట కూసోబెట్టు సాయిబూ" అన్నారు. రెండు కాళ్ళూ ఒక పక్కకు వేసి కూర్చున్నారు. ఎర్ర బండి పేలాలు వేగినట్టు మోగుతూ నెల్లూరు రోడ్డు పట్టింది. మిల్లు దాకా పోయి, తిరిగి వచ్చేదాకా ఆ మోత ఎక్కడా తెగలేదు. అది తెగనంతసేపూ ఇద్దరూ బతికే ఉన్నారని నేను తలుపు పట్టుకుని వింటూ నిలబడ్డాను.

దిగి లోపలికి వచ్చి మంచినీళ్ళు అడిగారు. చెంబు ఆమె చేతిలో పళ్ళకు కొట్టుకుని టకటకలాడింది. బయట వాళ్ళకు కనపడకుండా నేను అడ్డం నిలబడ్డాను.

"ఎట్టుండాదమ్మా?" అని బయట నుంచి కొడుకు అడిగితే, "ఉండాది. ఇంకోటి తీ" అన్నారు.

నీలం బండి చప్పుడు వేరు. గొంతులో గుడ్డ కుక్కినట్టు, లోపల లోపలే గురగురలాడింది. అది దూరమయ్యే కొద్దీ చెవి రిక్కించి విన్నాను. మిల్లు దగ్గరికి పోయి ఉంటుందనుకున్న వేళకు, ఆ చప్పుడు ఆగిపోయింది.

అరుగు మీద అందరూ రోడ్డు వైపు తిరిగారు. "ఆగిందే" అన్నాడు సాయిబు, తనలో తాను అనుకున్నట్టు. "ఆగే బండి కాదే అది." పరుగెత్తి వెళ్ళి చూడాలని ఉంది. గడప దాటి బజారులోకి రావడానికి కాలు రాదు. అనంతసాగరం పిల్ల చెంగు, అత్తగారి తెల్లచీర చెంగు కలిసిపోయి కనిపిస్తున్నాయి. మళ్ళీ ఆ గురగుర మొదలైనప్పుడు నేను అక్కడే కూర్చుండిపోయాను.

ఆయన బండి దిగి, "మిల్లు కాడ ఆపమన్నది. ఏందమ్మా అంటే, ఏం ల్యా పోనీ అన్నది. ఎర్రదాని మీద కిక్కురుమనలా, హాయిగా కూసోనుండాది" అని అందరికీ చెప్పారు.

"ఇది కొనరా" అన్నారు అత్తగారు, నీలం బండి మీద చెయ్యి వేసి.

"ఎందుకమ్మా? అది గుర్రం, ఇది ఎద్దు."

"ఎర్రది నా కంటికి ఆనలా."

"రంగా?" అన్నాడు హోటలాయన. "రంగు చూసి కొనేదానికి ఇదేమన్నా కోకా పెద్దమ్మా?"

"నా ఇంట్లో ఉండేది నా కంటికి ఆనాల. అంతే." ఆ గొంతు మీద ఇంక ఎవరూ మాట్లాడలేదు. కానీ నవ్వు మాత్రం చాలా రోజులు నడిచింది. అంగడికి వచ్చినవాళ్ళు, "మీ అమ్మని పిలువబ్బయ్యా, ఈ బెల్లం రంగు బాగుండాదో ల్యాదో చెప్తాది" అనేవాళ్ళు. ఆయన నెల రోజులు ముఖం ముడుచుకుని తిరిగారు. ఎర్ర బండి నెల్లూరులో ఎవరో కొన్నారు. మంచి బండేనని, ఇప్పటికీ బాగా తిరుగుతోందని చెబుతారు.

ఆ సాయంత్రం వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, ఆమె తన గొంతును ఎన్నడూ లేనంతగా తగ్గించారు.

"ఎర్రదాని మీదా ఆపమన్నా అమ్మే. ఆ మిల్లు కాణ్ణే. వాడికి వినపడలా. మళ్ళీ అన్నా. నేనొకదాన్ని ఎనకాల ఉండాననే మరిచిపోయినాడు."

"మీరు పిలిస్తే వినపడకపోవడమేంది అత్తా?"

"నా గొంతుతో పిలిస్తే నెల్లూరు బస్సు నిలబడతాది. నా గొంతుతో పిలవలా. నీ గొంతుతో పిలిచినా."

నేను గరిటె గిన్నెలో వదిలేసి ఆమె వైపు తిరిగాను. ఆమె తల వంచి, నేల చూస్తూ, నేను ఆయనతో మాట్లాడేటప్పుడు మాట్లాడినట్టే గొణిగి చూపించారు. "'ఆపండి' అంటావు గదా నువ్వు, ఇట్ట, నేలకి చెప్పినట్టు. నేను 'ఆపు నాయనా' అన్నా. నీలందాని మీద మొదటి మాటకే ఆపినాడు."

"ఎర్రదానికి సాయిబు వేరే గొట్టం వేస్తాడేమో గదత్తా. ఆయనకి అదంటే మోజు."

"వేస్తాడు. నీ మొగుడు నాలుగు రోజులకి పీకేస్తాడు. వాడికి ఆ కూతే గదా ముద్దు."

"మరి ఆ మాటే చెప్పి ఉంటే మిమ్మల్ని అంత నవ్వేవాళ్ళు కాదు."

ఆమె పొయ్యిలో కట్టె ఎగదోశారు. "మా కోడలికి నోరు ల్యా, అందుకని ఈ బండి అని నలుగురిలో చెప్పమంటావా? నన్ను నవ్వితే నాకేం. నేను పెద్దదాన్ని."

చక్రానికి అడ్డంగా సాయిబు చేత ఒక జల్లెడ రేకు కూడా వేయించారు. కానీ ఆమెకు రేకు మీద నమ్మకం లేదు. నా నోటి మీదే ఆశ.

బండి వచ్చాక ఉదయగిరికి ఎన్నోసార్లు పోయి వచ్చాను. వెళ్ళిన ప్రతిసారీ భయపడ్డాను. గులక రాళ్ళ మీద చక్రం జారితే భయం, వాగు ఇసకలో దిగబడితే భయం, ఎదురుగా లారీ వస్తే ఆ దుమ్ములో కళ్ళు మూసుకుని ఇంటి దేవతలందరినీ పిలిచేదాన్ని. ముందు కూర్చున్న మనిషిని మాత్రం పిలిచేదాన్ని కాను. మాట నోటి దాకా వచ్చి పెదవుల వెనక కూర్చునేది. దారిన పోయేవాళ్ళు ఏమనుకుంటారో, ఆయన ఏమనుకుంటారో, ఏమీ లేనిదానికి ఆపించానని విసుక్కుంటారేమో. ఇంటికి చేరి లోపలికి రాగానే ఆమె కాళ్ళకు నీళ్ళిస్తూ, ఆయన విననప్పుడు అడిగేవారు.

"పిలిచినావా?"

"లేదత్తా."

"పిలువు. ఆ బండి వింటాది."

ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఒక్కసారి కూడా, ఇంత చేస్తే నీకు నోరు రాలేదే అనలేదు. ఈసారి నేను అమ్మ దగ్గరికి బయలుదేరేటప్పుడు కూడా, అరుగు మీద నుంచి కొడుకును ఏ దారిన పోతావని అడిగి, నాకు మాత్రం తన నోటి మీద రెండు వేళ్ళు పెట్టి, తెరిచి చూపించారు. అదే నేను ఆమెను ఆఖరుసారి చూడడం.

కబురు తెచ్చిన రోజు మేం వెంటనే బయలుదేరాం. ఆత్మకూరులో అందరూ కొడుకు కోసం కాచుకుని ఉన్నారు. ఉదయగిరి కొండ వెనకబడేదాకా ఆయన మామూలుగానే నడిపారు. ఆ తర్వాత బండి వేగం పెరుగుతూ పోయింది. ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గతుకులకేమో అనుకున్నాను. గాలికి ఒక తడి చుక్క వచ్చి నా బుగ్గ మీద పడ్డాక తెలిసింది. ఆయన ఏడుస్తూ నడుపుతున్నారు. కళ్ళకు రోడ్డు కనిపిస్తోందో లేదో. ముందు పల్లం, పల్లంలో మలుపు, మలుపు అవతల వాగు.

అంత భయం నేను ఎన్నడూ ఎరగను. చెయ్యి చెంగును పట్టుకుంది. రెండో చెయ్యి దానంతట అదే నోటి మీదికి పోయింది. అది నాకు తెలిసి, ఆ చేతిని కిందికి లాగేశాను.

"ఏవండీ" అన్నాను.

నాకే సరిగా వినపడలేదు. బండి వేగం తగ్గింది.

"ఏంది?"

"ఆపండి."

ఆయన ఆపారు. కాళ్ళు నేల మీద పెట్టి వెనక్కి తిరిగి, "ఏమయింది? చెంగేమన్నా పడిందా?" అన్నారు.

"లేదు. మీరు ఏడస్తా ఉండారు. కాసేపు ఏడ్చి పోదాం."

ఆయన బండి దిగారు. బండిని ఒక తుమ్మచెట్టు కింద స్టాండు వేసి, కల్వర్టు గోడ మీద కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. నేను పక్కన నిలబడ్డాను. కోసేసిన సజ్జ చేలలో నుంచి ఒక మేకల మంద వచ్చి మా చుట్టూ చేరింది. వాటిలో ఒకటి బండిని వాసన చూసి, ముందుకాళ్ళు రెండూ వెనక సీటు మీద పెట్టి, మెడ చాచి తుమ్మకొమ్మ అందుకుంది. ఇంజను ఇంకా వేడిగా ఉండి చిటచిటమంటోంది. మేక నింపాదిగా ఆకు తెంపి నములుతుంటే మేమిద్దరం చూస్తూ ఉన్నాం. దాన్ని అదిలించాలని ఎవరికీ తోచలేదు.